స్కైహాక్ రాడార్‌లో ఒక చిన్న స్విచ్చి

కంప్యూటర్‌లో యుద్ధవిమానాలు నడిపే సిమ్యులేటర్ డీసీఎస్ వరల్డ్ కోసం ఔత్సాహికులు తయారుచేసి ఉచితంగా పంచుతున్న పాత అమెరికా నౌకాదళ దాడి విమానం ఏ-4ఈ స్కైహాక్ గురించి ఇది. ఇంజిన్ బలం, బాంబుల బరువు వంటి లెక్కల జోలికి వెళ్లను. అవన్నీ అందరికీ తెలిసినవే. ఏళ్ల తరబడి ఎక్కువగా ఈ విమానాన్నే నడుపుతున్నాను కాబట్టి నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే: దీని రాడార్. అందులోనూ ఒకే ఒక్క స్విచ్చి.

యుద్ధవిమానంలో రాడార్ అనగానే శత్రువిమానాన్ని వెతికి పట్టుకునే తెర గుర్తొస్తుంది. స్కైహాక్‌లోని ఏపీజీ-53ఏ ఆ పనికి పెట్టింది కాదు. ఇది నేలను చూస్తుంది. ఎడ్ హైనెమన్ ఈ విమానాన్ని రూపొందించినప్పుడు అమెరికా నౌకాదళం 30,000 పౌండ్ల దాకా బరువుకు ఒప్పుకుంటే, ఆయన అందులో దాదాపు సగానికే తెచ్చి చూపించాడు. రెక్కలు మడిచే ఏర్పాటు లేదు, చివరికి బ్యాటరీ కూడా లేదు. 1954లో ఎగిరిన తొలి నమూనాలో రాడార్ ఊసే లేదు. రాత్రిళ్లూ మబ్బుల్లోనూ ఎగరవలసి వచ్చాక ముక్కు పొడిగించి మరీ దీన్ని అమర్చారు. అంత పొదుపుగా కట్టిన విమానంలో ఒక మీట ఉందంటే దాని అవసరం ఎవరో గట్టిగా వాదించి ఉండాలి. నాకు ఈ విమానం నచ్చడానికి మూలం అదే.

ఉచితంగా దొరికే విమానాల్లో ఇలాంటి తెర చాలాసార్లు బొమ్మగానే మిగిలిపోతుంది. స్విచ్చి కదులుతుంది, చప్పుడూ వస్తుంది, వెనక మాత్రం ఏమీ జరగదు. ఇక్కడ అలా కాదు. కొండలను తప్పించే పద్ధతిలో రాడార్ రెండు రకాలుగా చూపిస్తుంది. ఒకటి, మన ఎత్తుకు అడ్డొచ్చే కొండలను పైనుంచి చూసిన పటంలా. రెండోది, ముందున్న నేలను నిలువుగా కోసి దాని అంచును గీసినట్టు. నేను రెండోదాన్నే ఎక్కువగా వాడతాను.

సిమ్యులేటర్‌తో పాటే వచ్చే కాకసస్ మ్యాపులో జార్జియాలోని సెనాకి నుంచి బయలుదేరి, ఎంగురి నది వెంట ఎగువకు, స్వనేతి కొండల్లోకి వెళ్లడం నాకు ఇష్టమైన దారి. ఒక సాయంత్రం మబ్బులు బాగా కిందికి దించి, ఇంధనమూ బాంబులూ నిండుగా పెట్టుకుని అటు వెళ్లాను. ఎత్తు ఎనిమిది వేల అడుగులు. రెండు పక్కలా కొండలు అంతకన్నా పైకే ఉంటాయి. అద్దంలోంచి చూస్తే తెల్లటి మబ్బు తప్ప ఇంకేమీ లేదు. బరువు వల్ల వేగం తగ్గింది, ముక్కు కొంచెం పైకి లేచింది. తెర మీద గీత ఎక్కడో కిందికి జారిపోయింది. దారి ఖాళీగా ఉన్నట్టే కనిపించింది.

అప్పుడు రాడార్ మీటల్లో ఏఓఏ కాంప్ అని రాసి ఉన్న స్విచ్చిని వేశాను. గీత ఒక్కసారిగా పైకి లేచింది. ముందు కొండవాలు ఉంది.

విషయం ఇది. బరువుతో నెమ్మదిగా ఎగిరే విమానం ముక్కు చూసే వైపుకూ, నిజంగా వెళ్లే వైపుకూ తేడా ఉంటుంది. ఏఓఏ అంటే ఆ తేడా కోణమే. యాంటెన్నా ముక్కులో ఉంది కాబట్టి అదీ పైకే చూస్తుంది. చీకట్లో పొలం గట్టు మీద నడిచేవాడు టార్చిని ఎదురుగా చెట్లమీదికి పట్టుకున్నట్టే. ఆ స్విచ్చి వేస్తే ఆ కోణం ఎంతో చూసుకుని యాంటెన్నా అంతమేరకు కిందికి వంగుతుంది. నిజమైన పైలట్లకు అది ప్రాణాల మీది వ్యవహారం. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఆడుకునే నాలాంటివాడి కోసం, పైసా తీసుకోకుండా, ఎవరో కూర్చుని ఆ కోణాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఆ తర్వాత కావాలనే స్విచ్చి ఆపి, వేసి, వేగం మార్చి, బరువు మార్చి ఆ లోయలో ఎన్నోసార్లు తిరిగాను. ప్రతిసారీ తేడా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. డబ్బు పెట్టి కొన్న విమానాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. వాటిలో ఏదీ నాకు ఇంత సంతోషం ఇవ్వలేదు.

అయితే ఇది కొండల నుంచి కాపాడే కవచం అని మిత్రులతో అన్న మాటను ఇప్పుడు కొంత తగ్గించి చెప్పాలి. రాడార్ చూపు ముక్కు ఎదురుగానే. ఎంగురి లోయ తూర్పుకు మళ్లే చోట విమానాన్ని వంచి తిప్పుతుంటే, మనం తిరగబోయే వైపు కొండ ఆ గీతలో కనిపించదు. అక్కడ పటం పద్ధతికి మారాలి, లేదా ముందే ఎత్తు పెంచుకోవాలి. నేల నుంచి ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్ హెచ్చరిక దీపాన్ని కూడా సరైన ఎత్తుకు పెట్టుకుని ఉంచుకోవాలి. ఇంకొకటి, తెర చాలా చిన్నది. నా పాత మానిటర్ మీద గీత స్పష్టంగా కనిపించాలంటే కాక్‌పిట్‌ను దగ్గరికి జరుపుకుని చూడాలి. అలా చూసినంతసేపూ మిగతా మీటర్లు కనుమరుగవుతాయి.

ఎగరడం విషయానికొస్తే, 2021లో వచ్చిన 2.0 వెర్షన్‌తో దీనికి సొంత ఫ్లయిట్ మోడల్, అంటే విమానం గాలిలో ఎలా కదలాలో చూసుకునే లెక్క, వచ్చింది. రెక్కల ముందంచున ఉండే స్లాట్లనే పలకలకు మోటారు ఉండదు, గాలి ఒత్తిడిని బట్టి అవే జారి బయటికి వస్తాయి. నేల మీద ముందుచక్రాన్ని తిప్పే ఏర్పాటు లేదు కనుక ఒక పక్క బ్రేకు తొక్కుతూ మళ్లాలి. కాళ్లతో తొక్కే పెడల్స్ లేనివాళ్లకు ఇది మొదట్లో విసుగు పుట్టిస్తుంది.

కొత్తవాళ్లు ఏం చేయాలి? నేను ఒంటరిగా ఎగురుతాను, తీరిక దొరికేది రాత్రిపూటే, పాతకాలపు విమానాలంటే ప్రాణం. అందుకే నాకు ఇది సరిపోయింది. స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు ముందు తమ సర్వర్‌లో ఈ విమానాన్ని అనుమతిస్తారో లేదో కనుక్కోవాలి. దూరం నుంచి క్షిపణి వదిలి వెనక్కి మళ్లే ఆధునిక పోరాటం కావాలనుకునేవాళ్లకు ఇందులో ఏమీ లేదు. సిమ్యులేటర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, దానికి తగ్గట్టు ఈ స్వచ్ఛంద బృందం మార్పులు చేసేదాకా ఓపిక పట్టాల్సి రావచ్చు. జీతం లేకుండా చేసేవాళ్లను తొందరపెట్టే హక్కు మనకు లేదు.

ప్రయత్నించాలనుకుంటే, జాయ్‌స్టిక్ మీద ఒక మీటను యాంటెన్నాను పైకీ కిందికీ వంచడానికీ, ఒక బటన్‌ను రాడార్ పద్ధతి మార్చడానికీ ముందే కేటాయించుకోండి. మబ్బుల్లో మౌస్‌తో వాటిని వెతకడం కష్టం.