ప్రకటనలో నార్స్‌మన్, రేవులో సెస్నా

కెనడాలోని విన్నిపెగ్ నుంచి రెడ్ లేక్ అనే ఊరికి విమానవిహారం కోసం వెళ్లే తెలుగువారు, ఏ విమానం ఎక్కిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే సొమ్ము కట్టాలి. ప్రకటనలోని నార్స్‌మన్ అనే, నీటి మీద దిగే పాతకాలపు విమానం బొమ్మను నమ్మి మనిషికి 95 డాలర్ల చొప్పున ముగ్గురికి 285 డాలర్లు ముందే చెల్లించి, దాదాపు 480 కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వెళ్తే, రేవులో మాకు చూపించింది సెస్నా అనే ఒక చిన్న విమానాన్ని. నార్స్‌మన్ ఏదని అడిగితే అక్కడి గుమస్తా, బొమ్మ అందం కోసం వేసిందేనని నవ్వి, డబ్బు వాపసు లేదన్నాడు. ఇరవై నిమిషాలు సరస్సుల మీద తిరిగి దిగాము. రాత్రి బస 168 డాలర్లు, దుప్పట్లకు పొగాకు వాసన. నా భార్య తెల్లవారే వరకు నాతో మాట్లాడలేదు.

మర్నాడు హోవీ బే ఒడ్డున ఉద్యానవనంలో, పైసా ఖర్చు లేకుండా, అసలు నార్స్‌మన్ స్తంభం మీద కనిపించింది. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా మామగారు దాని చుట్టూ గంటసేపు తిరిగారు. రెక్క పైన ఉండడం వల్ల విమానాన్ని రేవుకు ఆనించి తలుపు తీస్తే సరుకు నేరుగా లోపలికి చేరుతుందని ఆయనే కనిపెట్టి, మారేడుమిల్లి బస్సులో మనుషులనూ మూటలనూ కలిపి ఎక్కించిన రోజులు తలచుకున్నారు. పోలిక సరైనదే. రాబర్ట్ నూర్డైన్ రూపొందించగా 1935 నవంబరులో మాంట్రియల్ దగ్గర నీటి మీదనుంచి తొలిసారి ఎగిరిన ఈ విమానానికి వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టాల చట్రం, గుడ్డ కప్పిన కొయ్య రెక్కలు ఉంటాయి. వేసవిలో నీటి మీద తేలడానికి ఫ్లోట్లు, చలికాలంలో మంచు మీద జారడానికి స్కీలు తగిలిస్తారు. తరువాతి నమూనాల్లోని 600 అశ్వశక్తి వాస్ప్ ఇంజిను గురించి చెబితే, మామగారు తన బస్సు ఇంజినుతో లెక్క కట్టి కాసేపు మౌనంగా ఉండిపోయారు. 1926 నాటి బంగారు వేటతో పుట్టి, రోడ్డు లేకుండా ఇలాంటి విమానాల మీదే చాలా ఏళ్లు గడిపిన ఈ ఊరు తనను నార్స్‌మన్ రాజధానిగా చెప్పుకోవడంలో గొప్పలేమీ లేవు.

మధ్యాహ్నం 24 డాలర్లకు తిన్న పికెరెల్ చేప వేపుడు తాజాగా ఉంది. దానికి కారం తక్కువైందన్న ఒక్క ఫిర్యాదుతో నా భార్య మళ్లీ మాటలు మొదలుపెట్టింది. 285 డాలర్ల విషయమై నేను రాసిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు రాలేదు.