సియోల్‌లో ఒక్క రాజప్రాసాదమే చూడగలిగితే

సియోల్‌లో కొన్నేళ్ళుగా ఉంటూ, అన్ని రుతువుల్లోనూ ఇక్కడి రాజప్రాసాదాలకు వెళ్తూ వస్తున్నాను. అందుకే మన ఊళ్ళ నుంచి వచ్చే బంధుమిత్రులు ఒక్క పూటలో ఏది చూడాలని అడిగితే, తడుముకోకుండా చాంగ్‌దొక్‌గుంగ్ అని చెబుతాను. కొరియాను ఏలిన జోసన్ వంశపు రాజుల నాటి ప్రాసాదాలు ఐదూ నగరం నడిబొడ్డునే ఉన్నా, వాటిలో మిగిలిన పాతదనం ఒక్కో చోట ఒక్కో పాళ్ళలో ఉంది. ఎంపిక దాన్ని బట్టే జరగాలని నా అభిప్రాయం.

అందరూ మొదట వెళ్ళేది గ్యోంగ్‌బొక్‌గుంగ్‌కు. వంశస్థాపకుడు తేజో 1395లో కట్టించిన ఈ ప్రాసాదం 1592 నాటి జపాన్ దండయాత్ర కాలంలో కాలిపోయి, 1860ల దాకా పాడుబడి ఉంది. గోజోంగ్ రాజు తండ్రి పట్టుబట్టి తిరిగి కట్టిస్తే, జపాన్ వలసపాలకులు అందులో అధికభాగం పడగొట్టి, సింహాసన మందిరం ఎదుటే 1926లో తమ ప్రధాన పాలనా భవనాన్ని నిలబెట్టారు. ఆ భవనాన్ని 1990లలో తొలగించారు. ఇప్పుడు అక్కడ మనం చూసే ద్వారాలలో, మందిరాలలో చాలావరకు 1990 తర్వాత మళ్ళీ లేచినవే. ఒక జాతి తన చరిత్రను పట్టుదలగా తిరిగి నిలబెట్టుకున్న తీరు అక్కడ కనబడుతుంది కనుక దాన్ని తక్కువ చేయలేము. గున్‌జోంగ్‌జొన్ సింహాసన మందిరం, 48 రాతిస్తంభాల మీద కొలనులో నిలిచిన గ్యోంగ్‌హోరు మాత్రం 19వ శతాబ్దివే. వాటి ముందు ఎంతసేపు నిలబడినా విసుగు పుట్టదు. ఉదయం 10 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు కాపలా మారే వేడుక పిల్లలకు బాగా నచ్చుతుంది. అయితే ఆ వేళల్లో జనం కిక్కిరిసి ఉంటారు.

చాంగ్‌దొక్‌గుంగ్ సంగతి వేరు. 1405లో తేజోంగ్ కట్టించిన ఈ ప్రాసాదం కూడా 1592లో కాలిపోయింది కానీ, 17వ శతాబ్ది మొదట్లోనే తిరిగి లేచి, గ్యోంగ్‌బొక్‌గుంగ్ పాడుబడి ఉన్న రెండున్నర శతాబ్దాలూ రాజ్యానికి ప్రధాన నివాసంగా నిలిచింది. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దొన్హ్వామున్ ద్వారం దాటగానే సింహాసనం ఎదురుగా కనబడదు. కుడివైపు తిరిగి, 15వ శతాబ్ది నాటి రాతివంతెన దాటి, మళ్ళీ ఎడమకు తిరిగితేనే ఇన్‌జోంగ్‌జొన్ ముంగిట్లోకి వస్తాము. కొండవాలును చదును చేయకుండా, నేల ఎలా ఒంపు తిరిగితే కట్టడాన్నీ అలాగే తిప్పిన ఆ పద్ధతి, రెండోసారి వెళ్ళినప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది. మందిరం లోపలికి తొంగిచూస్తే చెక్కనేల, కప్పు నుంచి వేలాడే విద్యుద్దీపాలు కనిపిస్తాయి; అవి 20వ శతాబ్ది తొలినాళ్ళలో వచ్చిన మార్పులు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1847లో హొన్‌జోంగ్ కట్టించుకున్న నక్సొన్‌జే. మిగతా మందిరాలకు ఉన్న ఆకుపచ్చ, ఎరుపు రంగులేవీ దీనికి లేవు. ఉన్నది చెక్క, కాగితం, రాయి మాత్రమే. ఎత్తుగా కట్టిన వసారా కిందికి వంగి చూస్తే, నేలను వెచ్చబరిచే పొయ్యి ముందరి గోడ మీద మంచు పగిలినట్టుండే గీతల నమూనా ఉంటుంది. నిప్పు అంటుకోకూడదన్న కోరికతో దాన్ని అలా తీర్చారు. జోసన్ వంశపు చివరి రాజకుమార్తె దొక్హే 1989లో మరణించేవరకు ఈ ఆవరణలోనే ఉన్నారు.

వెనుకనున్న రాజోద్యానం హువొన్‌కు వేరే టికెట్టు కొనాలి. చాలామంది బయటి నుంచే వెనుదిరిగేది ఇందుకే. దయచేసి ఆ పని చేయవద్దు. శరదృతువులో మేపుల్ ఆకులు ఎర్రబారే వారాల్లో టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. బుయోంగ్జి కొలను, దాని పైగట్టున 1776లో జొంగ్‌జో కట్టించిన జుహమ్ను భవనం చూసిన తర్వాత, ఉద్యానం లేకుండా ఈ ప్రాసాదాన్ని చూడడం సగమే అనిపిస్తుంది. దారి ఎత్తుపల్లాలుగా ఉంటుంది, మెత్తటి బూట్లు వేసుకోవాలి.

పక్కనే ఉన్న చాంగ్‌గ్యోంగ్‌గుంగ్‌కు లోపలి ద్వారం గుండానే వెళ్ళవచ్చు. 1616 నాటి మ్యోంగ్‌జోంగ్‌జొన్, ఇక్కడి ప్రాసాదాల సింహాసన మందిరాలన్నింటిలోకీ పాతది. జపాన్ ఆధిపత్యం మొదలైన కాలంలో ఈ ఆవరణను జంతు ప్రదర్శనశాలగా మార్చి, 1909లో గాజుతో మొక్కల గృహం కట్టారు. జంతువులు వెళ్ళిపోయినా ఆ గృహం ఇంకా ఉంది. గ్యోంగ్‌హీగుంగ్‌లో పాతది దాదాపు ఏమీ మిగలలేదు, అటు దారిన పోతుంటే చూస్తే చాలు.

గ్యోంగ్‌బొక్‌గుంగ్‌కు మంగళవారం, చాంగ్‌దొక్‌గుంగ్, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్, దొక్సుగుంగ్‌లకు సోమవారం సెలవు. తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వచ్చేవారికి, మోకాళ్ళ నొప్పులుంటే, దొక్సుగుంగ్ మేలు: సిటీ హాల్ మెట్రో స్టేషను పక్కనే ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, 1910లో పూర్తయిన పాశ్చాత్య శైలి రాతిభవనం సొక్జోజొన్, సంప్రదాయ మందిరం జుంగ్‌హ్వాజొన్ కొద్దిపాటి నడకలోనే చూడవచ్చు, రాత్రి దాకా తెరిచే ఉంటుంది.