చిన్న డైవ్ వాచీకి ముందుగా డబ్బు కట్టేవారికి హెచ్చరిక: మైపాడులో మోకాలి లోతు నీళ్లకే ఆవిరి పట్టిన '200 మీటర్ల' వాచీ

చిన్న తయారీదారుల దగ్గర 36 నుంచి 39 మిల్లీమీటర్ల డైవ్ వాచీ కొనాలని చూస్తున్నవారు, ముఖ్యంగా వాచీ తయారు కాకముందే మొత్తం డబ్బు కట్టమనే అమ్మకందారు దగ్గర కొనబోతున్నవారు, డబ్బు పంపే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. నేను 2024 నవంబరులో 34,500 రూపాయలు కట్టి, ఎనిమిది నెలలు ఎదురుచూసి, వెనక మూత మీద '200 మీటర్లు' అని చెక్కిన వాచీని తెప్పించుకున్నాను. మైపాడు సముద్రంలో మోకాలి లోతు నీళ్లలో పావుగంట గడిచేసరికి దాని అద్దం లోపల ఆవిరి పట్టింది. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంది కనుక, అది తేలేవరకు పేరు బయటపెట్టడం సరికాదని నాకు తోచింది. అయితే ఈ తరహా అమ్మకాన్ని గుర్తుపట్టడానికి కావలసిన ఆనవాళ్లన్నీ చెబుతాను.

ఈ వాచీ నాకు అలంకారం కాదు. విడవలూరు వైపు మాకు వనామీ రొయ్యల గుంటలున్నాయి. రాత్రిపూట కరెంటు పోయి ఏరియేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, ఆగిపోతే, జనరేటర్ అందుకునేలోపు ఎన్ని నిమిషాలు గడిచాయో తెలియడం మాకు చాలా అవసరం, ఎందుకంటే నీటిలో ప్రాణవాయువు తగ్గేకొద్దీ రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. తడి చేతులతో, చీకట్లో, గట్టు మీద నిలబడి ఫోను తీసి చూసుకోవడం కుదిరే పని కాదు. డైవ్ వాచీకి చుట్టూ ఉండే తిరిగే వలయాన్ని, అంటే బెజెల్‌ను, నిమిషాల ముల్లు దగ్గరికి ఒక్కసారి తిప్పి పెడితే చాలు, గడిచిన నిమిషాలు దానంతట అదే చూపిస్తుంది. సముద్రం అడుగున ఈతగాడికి ఎంతసేపు గడిచిందో చెప్పడానికి పుట్టిన సాధనం, గుంట గట్టు మీద కూడా అంతే నమ్మకంగా పనిచేస్తుంది.

నా మణికట్టు చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. పెద్ద కంపెనీల 44, 45 మిల్లీమీటర్ల డైవ్ వాచీలు నా చేతి మీద పళ్లెంలా కూర్చుంటాయి, మోటారు స్టార్టర్ పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా అంచులకు తగులుతాయి. మా నాన్నగారి హెచ్‌ఎంటీ చేతి మీద ఉన్నట్టే తెలిసేది కాదు. డైవ్ వాచీ కూడా అలా ఉండకూడదా అని వెతుకుతుండగానే నాకు ఈ చిన్న తయారీదారుల ప్రపంచం పరిచయమైంది. నిజానికి డైవ్ వాచీలు మొదట్లో ఇంత పెద్దవేమీ కాదు. 1953లో వచ్చిన తొలి రోలెక్స్ సబ్‌మెరైనర్లు 37, 38 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉండేవి. 1965లో సీకో తన మొదటి డైవ్ వాచీని 150 మీటర్ల లోతుకు తయారుచేసినప్పుడు దాని వెడల్పు కూడా దాదాపు అంతే. పెద్ద వాచీల మోజు మధ్యలో వచ్చింది. టూడార్ 2018లో 39 మిల్లీమీటర్ల బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్‌ను, 2023లో 37 మిల్లీమీటర్ల బ్లాక్ బే ఫిఫ్టీ ఫోర్‌ను తెచ్చాక పెద్ద కంపెనీలు కూడా పాత కొలతలకు మళ్లుతున్నాయని చెప్పవచ్చు, కానీ ఆ ధరలు మా వంటివారికి అందేవి కావు. ఫ్రాన్స్‌కు చెందిన బాల్టిక్, న్యూయార్క్‌కు చెందిన లోరియర్ వంటి చిన్న సంస్థలు ఆ ఖాళీని నింపాయి. రెండూ 39 మిల్లీమీటర్ల, 200 మీటర్ల డైవ్ వాచీలు చేస్తాయి, జపాన్‌లో తయారయ్యే మియోటా మెషిన్లు (ముళ్లను నడిపే లోపలి యంత్రాలు) వాడతాయి, ఏ మెషిన్ వాడారో పేరుతో సహా చెబుతాయి. ఇలాంటి చిన్న సంస్థల వాచీల మీద నాకు ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. నేను మోసపోయింది వాటి దగ్గర కాదని స్పష్టంగా చెబుతున్నాను, ఎందుకంటే ఒక మోసగాడి వల్ల నిజాయితీగా పనిచేసే చిన్నవారందరి మీదా అనుమానం పడితే అది వారికి అన్యాయం.

నాకు అమ్మినవారు తమది విదేశీ డిజైన్ అనీ, 300 వాచీలు మాత్రమే చేస్తున్నామనీ, మన దేశంలో తమకు ఒక ప్రతినిధి ఉన్నాడనీ చెప్పుకున్నారు. వెడల్పు 37 మిల్లీమీటర్లు, పట్టీ తగిలించే కొమ్ములైన లగ్‌ల కొన నుంచి కొన దాకా 46, మందం 11.2, లోపల మియోటా 9039 మెషిన్ అని ప్రకటించారు. ఆ అంకెలు నా చేతికి కొలిచి రాసినట్టుండడంతో, అడగవలసిన ప్రశ్నలు అడగలేదు. ప్రతినిధి ఇచ్చిన యూపీఐ ఖాతా సంస్థ పేరు మీద కాకుండా ఒక వ్యక్తి పేరు మీద ఉంది, అయినా పంపించాను. బిల్లు అడిగితే వాచీతో పాటు వస్తుందన్నారు. మార్చి అన్నది మే అయింది, మే అన్నది జూలై అయింది. చివరికి వచ్చిన పార్సిల్ మీద 'బహుమతి' అనీ, విలువ 1,500 రూపాయలు అనీ రాసి ఉంది. పోస్టులో వచ్చే బహుమతులకు ఉన్న సుంకం మినహాయింపును, రాఖీలూ ప్రాణరక్షక మందులూ తప్ప, 2019 డిసెంబరులోనే తీసేశారు. తప్పు విలువ రాసి పంపడం మనకు మేలు చేయడం కాదు. వాచీ పాడైనప్పుడు, మనం 34,500 కట్టిన వస్తువు ఇదేనని నిరూపించుకోవడానికి ఆ చీటీయే అడ్డం వస్తుంది. నాకు అలాగే వచ్చింది.

పెట్టె తెరిచిన రోజే ఒక సంగతి తేడాగా అనిపించింది. క్రౌన్‌ను, అంటే వాచీ పక్కన టైము తిప్పే మరను, విప్పి బయటికి లాగితే అది రెండు మెట్లుగా వచ్చింది. రెండో మెట్టులో ముళ్లు తిరుగుతున్నాయి, మొదటి మెట్టులో మాత్రం తిప్పితే ఏమీ జరగదు. ఈ వాచీకి తేదీ గడి లేదు. తేదీ లేని వాచీలో తేదీ మార్చే మెట్టు ఉందంటే, లోపల ఉన్నది తేదీతో వచ్చే మెషినే, దాన్ని డయల్ కింద దాచారని అర్థం. మియోటా 9039 తేదీ లేకుండానే తయారైన మెషిన్, దానికి ఈ ఖాళీ మెట్టు ఉండదు. తరువాత ఫోనులో స్లో మోషన్‌లో తీసి సెకన్ల ముల్లు అడుగులు లెక్కపెట్టాను. 9039 గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 8 అడుగులు. నా వాచీ ముల్లు 6 అడుగులే వేస్తోంది, అంటే గంటకు 21,600. వెర్నియర్‌తో కొలిస్తే మందం 12.8 మిల్లీమీటర్లు వచ్చింది. తేదీతో వచ్చి గంటకు 21,600 సార్లు కొట్టుకునే సీకో ఎన్‌హెచ్35 మెషిన్ లోపల ఉందేమోనని అనుమానం వచ్చింది. దాని మందం 5.32 మిల్లీమీటర్లు, 9039 మందం 3.9 మాత్రమే. పెరిగిన మందం ఎక్కడి నుంచి వచ్చిందో దీనితో తెలిసిపోయింది. ఎన్‌హెచ్35 చెడ్డ మెషిన్ అని నేను అనడం లేదు, అది గట్టిది, ఎక్కడైనా బాగుచేయగలిగినది. ఒకటి చెప్పి మరొకటి పెట్టడమే నా ఫిర్యాదు. ఆ రోజే వాచీని తిప్పి పంపవలసింది, కానీ ఇన్నాళ్లు ఎదురుచూసిన వస్తువును వదులుకోవడానికి మనసొప్పలేదు.

మైపాడులో జరిగింది పైన చెప్పాను. క్రౌన్ పూర్తిగా బిగించి ఉంది, ఆ ఉదయం నేను దాన్ని విప్పనేలేదు. ఇంటికి వచ్చేసరికి పన్నెండు అంకె దగ్గర మొదలైన ఆవిరి డయల్ సగం కమ్మేసింది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో, మా నాన్నగారి హెచ్‌ఎంటీని ఏళ్ల తరబడి చూసిన రిపేరు పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా ఎదుటే వెనక మూత విప్పి, రబ్బరు రింగును చిమటాతో పైకెత్తి చూపించారు. రింగు ఒక చోట గాడిలో కూర్చోకుండా మూత మర చుట్ల మధ్య నలిగి చీలిపోయింది, మిగతా చోట్ల గ్రీజు తడి కూడా లేదు. "ఇది నీళ్లలోకి పోవాల్సింది కాదు నాయనా, దీన్ని బిగించినోళ్లు ఒక్కసారి కూడా పరీక్ష చేసుండరు" అన్నారు. ఉప్పునీరు తగిలిన చోట స్క్రూల తలల మీద అప్పటికే ఎర్రటి చుక్కలు పడ్డాయి. మెషిన్ మీద గుర్తు కూడా చూశాము, అది ఎన్‌హెచ్35యే. ప్రతి దశనూ ఫోటో తీశాను.

ఇక్కడ '200 మీటర్లు' అనే మాటకు అర్థమేమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మాటే నన్ను ముంచింది. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు సుమారు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి 200 మీటర్లు అంటే 20 బార్. మోకాలి లోతులో వాచీ మీద పడే అదనపు ఒత్తిడి ఒక బార్‌లో పదో వంతు కూడా ఉండదు. అంటే అక్కడ లోపం లోతుది కాదు, మూతదే. డైవ్ వాచీలకు ఐఎస్ఓ 6425 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వాచీ కనీసం 100 మీటర్లకు నిలవాలి, తయారైన ప్రతి వాచీనీ చెప్పిన లోతు కంటే పాతిక శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి. మామూలుగా నీటిని తట్టుకునే వాచీల ప్రమాణం ఐఎస్ఓ 22810 వేరు, అందులో కొన్నింటిని మాత్రమే తీసి పరీక్షించినా సరిపోతుంది. ఖర్చు వల్ల చిన్న తయారీదారులు చాలామంది 6425 ధ్రువీకరణకు వెళ్లరు, అది తప్పు కాదు. కానీ ప్రతి వాచీనీ ఒత్తిడి యంత్రంలో పెట్టి చూశారా, ఎన్ని బార్ల దగ్గర చూశారు, నా వాచీ నంబరుతో ఆ ఫలితం పంపగలరా అని అడిగితే, నిజంగా చేసినవారికి జవాబు ఇవ్వడం కష్టం కాదు. ఏదీ పరీక్షించకుండానే మూత మీద '200' అని చెక్కడానికి లేజరు యంత్రం ఒక్కటి చాలు. ఎవరి పేరు అడిగితే ఆ పేరు వేసి ఇచ్చే తయారైన కేసులు టోకున దొరుకుతాయి. నా వాచీ కేసు, బెజెల్, ముళ్లు అచ్చంగా అలాగే వేరే పేరుతో అమ్మకానికి ఉండడం నేను తరువాత చూశాను.

నా ఫోటోలు చూశాక ప్రతినిధి మొదట క్రౌన్ సరిగా బిగించలేదన్నాడు. మూత రింగు చీలిన ఫోటో పంపితే, నీటి వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదన్నాడు. నీళ్ల కోసమే చేశామని అమ్మిన వాచీకి ఈ షరతు ఎలా వర్తిస్తుందని రాతపూర్వకంగా అడిగాను. ఆ తరువాత జవాబు ఆగిపోయింది. వారంటీ కాగితంలో నీటి నష్టం గురించి ఏం రాశారో డబ్బు కట్టకముందే చూడండి, ఆ ఒక్క వాక్యంలో అమ్మేవారి నిజాయితీ బయటపడుతుంది.

ఇప్పటికే ఇలాంటి చోట డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారు పార్సిల్ తెరిచేటప్పుడు చీటీతో సహా ఆపకుండా వీడియో తీయండి. సముద్రంలోకి, గుంటలోకి తీసుకెళ్లే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి: వాచీ చేతి మీద బాగా వెచ్చబడ్డాక అద్దం మీద చల్లని నీటి చుక్క వేసి, ఒక నిమిషం ఆగి తుడిచి చూడండి. లోపలి వైపు మబ్బు పడితే ఆ వాచీలో ముందే తేమ ఉందన్నమాట, అది నీళ్లకు పనికిరాదు. ఆవిరి లేనంత మాత్రాన మూత గట్టిదని కాదు, అది ఒత్తిడి యంత్రం మీదే తేలుతుంది. ఇంకా కట్టనివారు యూపీఐలో వ్యక్తి ఖాతాకు పంపవద్దు, క్రెడిట్ కార్డుతో కడితే వస్తువు చెప్పినట్టు లేనప్పుడు బ్యాంకు ద్వారా వివాదం లేవనెత్తే దారి ఉంటుంది. నాకు ఆ దారి లేకపోయింది.

ఫిర్యాదు చేయడానికి అమ్మినవాడి ఊరికి వెళ్లనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఒంగోలువారు ఒంగోలులో, మనం నెల్లూరులో. రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అవతలివారికి విషయం పంపుతుంది. నేను మొదట అదే చేశాను, జవాబు రాకపోయాకే కమిషన్‌కు వెళ్లాను.

వాచీని పెద్దాయన శుభ్రం చేసి మళ్లీ బిగిస్తానన్నారు కానీ నేను వద్దన్నాను. మూత ఒకవైపు, చీలిన రింగు ఒకవైపు, తుప్పు చుక్కలు పడిన మెషిన్ ఒకవైపు, ఆయన సంతకం పెట్టిన చీటీతో కలిపి ఒక డబ్బాలో విడివిడిగా పెట్టి ఉంచాను. కమిషన్ అడిగిన రోజున అవి అలాగే చూపించాలి.