యూకేలో కొత్తగా వేప్ కాయిళ్లు కొంటున్నారా? నాకు జరిగింది చదివాక కొనండి

లెస్టర్ నుంచి రాస్తున్నాను. సిగరెట్ మానడానికి వేప్‌కు, అంటే ఈ-సిగరెట్‌కు, మారినవాళ్ల కోసం, మారాలని చూస్తున్నవాళ్ల కోసం ఈ పోస్ట్. షాపులో పెట్టిచ్చిన తప్పు కాయిల్ (వేప్‌లో లిక్విడ్‌ను ఆవిరి చేసే చిన్న హీటర్) ఒకటి, ఆన్‌లైన్‌లో కొన్న నకిలీ ప్యాకెట్ ఒకటి, ఈ రెండూ కలిసి నన్ను మళ్లీ సిగరెట్ దగ్గరికి తీసుకెళ్లాయి. అప్పటికి నాలుగు నెలలుగా మానేసి ఉన్నాను. మళ్లీ పదకొండు రోజులు తాగాను. పోయిన డబ్బు చిన్నదే. ఆ పదకొండు రోజులే ఇప్పటికీ బాధ పెడుతున్నాయి.

సిగరెట్ అలవాటు లేనివాళ్లు దీని జోలికే రావద్దు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ కూడా అదే చెబుతుంది. పొగ తాగడం కంటే వేప్ హాని తక్కువ, మానడానికి బాగా పనికొస్తుంది, కానీ హాని లేనిది మాత్రం కాదు. 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మడమే నేరం. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకు ఈ పోస్ట్ అసలు వర్తించదు. అక్కడ 2019లోనే చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధించారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా చాటుగా అమ్ముతున్నా కొనకండి. అందులో ఏం పోశారో చెప్పే నాథుడు ఉండడు.

ఇక నా సంగతి. నేను మొదట వాడింది ఒక్కసారి వాడి పారేసే రకం. 2025 జూన్ 1 నుంచి ఇక్కడ వాటి అమ్మకం ఆపేశారు. దాంతో లిక్విడ్ నింపుకునే కిట్‌కు మారాల్సి వచ్చింది. కాయిల్ అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. పారేసే దాంట్లోనూ కాయిల్ ఉంటుంది గానీ మనకు కనపడదు, మనం ఎంచుకునేదీ ఉండదు.

ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఒక షాపుకు వెళ్లాను. ఇంతకుముందు మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న నిక్ సాల్ట్ (నికోటిన్ సాల్ట్ లిక్విడ్) వాడేవాణ్నని చెప్పాను. షాపతను ఒక కిట్ తీశాడు. బాక్సులో రెండు కాయిళ్లు ఉన్నాయి, ఒకటి 0.8 ఓమ్, రెండోది 0.3 ఓమ్. "ఇది పెడితే పొగ బాగా వస్తుంది" అంటూ 0.3 బిగించి, నా 20 మిల్లీగ్రాముల లిక్విడ్ నింపి చేతికిచ్చాడు. నిమిషం కూడా ఆగలేదు. నేనూ ఏమీ అడగలేదు.

బస్ స్టాప్‌లో నిలబడి ఆరేడు సార్లు పీల్చి ఉంటాను. గొంతు మండింది. తర్వాత నోట్లో నీళ్లూరడం మొదలైంది. చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది, కళ్లు తిరిగాయి. అక్కడే కూర్చుని వాంతి చేసుకున్నాను. ఇంటికి ఎలా చేరానో సరిగ్గా గుర్తు లేదు. తలుపు తీసిన మా ఆవిడ నా మొహం చూసి భయపడిపోయింది. "ఏమైందండీ, హార్ట్ ఎటాకా?" అని ఏడుస్తూ ఎన్‌హెచ్ఎస్ సలహా నంబర్ 111కి ఫోన్ చేసింది. వాళ్లు ప్రశ్నలన్నీ అడిగి, నికోటిన్ ఎక్కువైనట్టుంది, అది పక్కన పెట్టేయండి, ఛాతీ నొప్పి గానీ ఊపిరాడకపోవడం గానీ ఉంటే వెంటనే ఎమర్జెన్సీ నంబర్ 999కి చేయండి అన్నారు. రెండు గంటల్లో సర్దుకుంది. ఆ రెండు గంటలూ మా నాలుగేళ్ల పాప గుమ్మం దగ్గరే నిలబడి చూస్తూ ఉంది.

ఎందుకలా అయ్యిందో తర్వాత అర్థమైంది. ఇది ప్రతి కొత్తవాడికీ తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కాయిల్ అంటే ఒక చిన్న హీటర్. సన్నని లోహపు తీగ చుట్టలాగా ఉంటుంది, లేదా జల్లెడలా చిల్లులున్న రేకు ఉంటుంది. ఆ రేకు రకాన్ని మెష్ అంటారు. ఎక్కువగా వాడేది కాంతాల్ అనే తీగ, ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమ లోహం. దాని చుట్టూ దూది ఉంటుంది. దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు ఆ దూది లిక్విడ్‌ను పీల్చుకుని తీగకు అందిస్తుంది. కరెంటు పారితే తీగ వేడెక్కి లిక్విడ్ ఆవిరవుతుంది. అంతే.

కాయిల్ మీద రాసి ఉండే ఓమ్ అంకె పదో తరగతిలో మనం చదువుకున్న నిరోధమే. నిరోధం తగ్గితే కరెంటు ఎక్కువ పారుతుంది. బ్యాటరీ 3.7 వోల్టులు అనుకుంటే 1.2 ఓమ్ కాయిల్ మీద దాదాపు 11 వాట్లు వస్తాయి. అదే బ్యాటరీకి 0.3 ఓమ్ కాయిల్ పెడితే దాదాపు 46 వాట్లు, అంటే నాలుగు రెట్లు. వాట్లు పెరిగేకొద్దీ ఒక్కో పీల్పుకు ఆవిరయ్యే లిక్విడ్ పెరుగుతుంది, దాంతోపాటు ఒంట్లోకి వెళ్లే నికోటిన్ కూడా పెరుగుతుంది. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములంటే ఇక్కడి చట్టం ఒప్పుకునే గరిష్ఠ మోతాదు. అంత ఘాటు లిక్విడ్‌ను కొంచెం కొంచెంగా ఆవిరి చేసే కాయిల్‌లో వాడాలి. దాన్ని పొగ మేఘాలు తీసే కాయిల్‌లో పోసి నా చేతికిచ్చారు. అది అమ్మేవాడికి తెలిసి ఉండాల్సిన మొదటి విషయం. తెలియక చేశాడో, పట్టించుకోకుండా చేశాడో నాకు తెలియదు. మర్నాడు వెళ్లి అడిగితే "అందరూ అలాగే వాడుతున్నారు" అన్నాడు. అందుకే ఈ పోస్ట్ రాయాలనిపించింది.

కాబట్టి సిగరెట్ తాగినట్టు ముందు నోట్లోకి లాక్కుని తర్వాత లోపలికి తీసుకునే అలవాటున్నవాళ్లు, అంటే మానడానికి వచ్చిన దాదాపు అందరూ, 0.8 నుంచి 1.2 ఓమ్ మధ్య కాయిల్ అడగండి. దానికి 10 లేదా 20 మిల్లీగ్రాముల నిక్ సాల్ట్ సరిపోతుంది. 0.6 కంటే తక్కువ ఓమ్ కాయిళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగేవాళ్లకు. వాటిలో 3, మహా అయితే 6 మిల్లీగ్రాములు దాటకూడదు. కొత్తవాళ్లకు అవి అక్కర్లేదనే నా అభిప్రాయం. పొగ ఎక్కువ వస్తే సిగరెట్ త్వరగా మానతామనుకోవడం పొరపాటు. మన ఒంటికి కావాల్సింది నికోటిన్, పొగ కాదు.

లిక్విడ్ చిక్కదనం కూడా చూడాలి. సీసా మీద పీజీ (ప్రొపైలిన్ గ్లైకాల్), వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) అని ఉంటుంది. వీజీ చిక్కగా ఉంటుంది. ఆముదం పోసిన దీపంలో వత్తి నెమ్మదిగా తడుస్తుంది కదా, వీజీ 70 శాతం ఉన్న లిక్విడ్ చిన్న రంధ్రాలున్న 1.2 ఓమ్ కాయిల్‌లో అలాగే చేస్తుంది. లిక్విడ్ అందేలోపే దూది మాడిపోతుంది. ఆ కాయిళ్లకు సగం సగం ఉన్న రకం తీసుకోండి. పల్చటిది తెచ్చి పెద్ద రంధ్రాల కాయిల్‌లో పోస్తే కారిపోయి జేబు పాడవుతుంది.

ఇక రెండో దెబ్బ. 0.8 కాయిల్ పెట్టుకున్నాక మూడు వారాలు బాగానే గడిచింది. కాయిల్ పాతబడింది, కొత్తవి కావాలి. ఐదు కాయిళ్ల ప్యాకెట్ షాపుల్లో 10 నుంచి 13 పౌండ్లు ఉంటే, ఆన్‌లైన్‌లో ఒకచోట 5.50కే కనిపించింది. ఫొటోలో అదే బాక్సు, అదే కంపెనీ పేరు. ఆర్డర్ పెట్టాను.

వచ్చిన బాక్సు మీద అక్షరాలు కొంచెం అలుక్కుపోయినట్టున్నాయి. అప్పుడే అనుమానం రావాల్సింది. కాయిల్ పెట్టగానే కిట్ తెర మీద 0.62 చూపించింది. 0.05 ఓమో 0.1 ఓమో తేడా మామూలే గానీ 0.8 అని ముద్రించినది 0.62 చూపించడం మామూలు కాదు. అయినా వాడాను. ఆ సాయంత్రమే దూది మాడింది. గొంతులో అడుగంటిన అన్నం మింగినట్టు చేదు. రెండోది పెట్టాను, మర్నాడు మధ్యాహ్నానికి అదీ మాడింది. మూడోది లిక్విడ్ మొత్తం కార్చేసింది.

చాలా బ్రాండ్లు బాక్సు మీద గీకి చూసుకునే కోడ్ పెడతాయి. ఆ కోడ్‌ను కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కొడితే అసలుదో కాదో చెబుతుంది. నేను గీకి కొడితే, ఈ కోడ్‌ను ఇప్పటికే చాలాసార్లు చూశారు, నకిలీ అయి ఉండొచ్చు అని వచ్చింది. ఒకే కోడ్‌ను వందల బాక్సుల మీద ముద్రిస్తే అలాగే వస్తుంది. ఇక్కడ ఇంకో మోసం కూడా ఉంటుంది, జాగ్రత్త. నకిలీ బాక్సు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నకిలీ వెబ్‌సైట్‌కే వెళ్లి "అసలుదే" అని చూపించొచ్చు. అందుకని స్కాన్ చేయకుండా కంపెనీ చిరునామా మీరే టైప్ చేసి చూడండి.

అమ్మినవాళ్లకు రాస్తే, మీరు కాయిల్‌ను సరిగ్గా తడపలేదు, తప్పు మీదే అని జవాబు. అప్పటికి రాత్రి తొమ్మిది దాటింది. షాపులు మూసేశారు. నికోటిన్ లేక చేతులు వణుకుతున్నాయి, ఆఫీసు పని టెన్షన్ వేరే ఉంది. మూలమీది పెట్రోల్ బంకుకు నడిచి వెళ్లి సిగరెట్ ప్యాకెట్ కొన్నాను. మానాలని చూస్తున్నవాళ్లకు నకిలీ కాయిల్ చేసే అసలు హాని ఇదే. చేతిలో పనిచేసే కాయిల్ ఒకటి అదనంగా ఉండి ఉంటే ఆ రాత్రి నేను బయటికి వెళ్లేవాణ్ని కాదు. ఇప్పుడు రెండు ఎప్పుడూ సొరుగులో ఉంచుతాను.

మళ్లీ ఆపగలిగానంటే అది సిగరెట్ మానడానికి సాయం చేసే, కౌన్సిల్ వాళ్ల ఉచిత స్టాప్ స్మోకింగ్ సర్వీస్ వల్ల. అక్కడ సలహా ఇచ్చే ఆవిడ నా కిట్ తీసుకుని, కాయిల్ మీది ప్రతి అక్షరం చదివి వినిపించింది. ఓమ్ పక్కనే వాట్లు కూడా రాసి ఉంటాయి, ఉదాహరణకు 12 నుంచి 16 అని. అందులో కింది అంకెతో మొదలుపెట్టాలి. నేను అంతవరకు ఆ అంకె చూడనేలేదు.

కొత్త కాయిల్ తడపడం కూడా ఆవిడే చూపించింది. బిగించే ముందు పక్క రంధ్రాల్లో కనిపించే దూది మీద రెండు మూడు చుక్కలు వేయాలి. తర్వాత బిగించి, లిక్విడ్ నింపి, పది నిమిషాలు కదపకుండా పెట్టాలి. మన ఇళ్లలో బకెట్‌లో నీళ్లు పోయకుండా వాటర్ హీటర్ రాడ్ స్విచ్ వేస్తే ఏమవుతుందో, పొడి దూదితో కాయిల్ వెలిగిస్తే అదే అవుతుంది. దూది ఒక్కసారి మాడితే ఇక బాగుపడదు. మాడు రుచి వచ్చిన తర్వాత "ఇంకోసారి చూద్దాం" అని పీల్చకండి. ఎండిపోయి మరీ వేడెక్కిన కాయిల్ నుంచి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విష పదార్థాలు వస్తాయి. తీసి పారేయడమే.

మంచి కాయిల్ అయినా మామూలుగా వారం నుంచి రెండు వారాలే వస్తుంది. తియ్యటి లిక్విడ్ వాడితే ఇంకా త్వరగా పోతుంది, అందులోని సుక్రలోజ్ తీగ మీద నల్లగా గడ్డకడుతుంది. రుచి తగ్గినా, లిక్విడ్ నల్లబడినా, గుడగుడమని శబ్దం వచ్చినా మార్చే టైమ్ వచ్చినట్టే.

ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసాలు తాళం వేసిన చోట పెట్టండి. మింగితే నికోటిన్ విషమే. చట్టం ప్రకారం నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. పెద్ద సీసాలో నికోటిన్ కలిపి అమ్ముతుంటే ఆ షాపు నుంచి వచ్చేయండి.

ఇండియాకు వెళ్లేటప్పుడు కిట్, కాయిళ్లు, లిక్విడ్ అన్నీ ఇక్కడే వదిలి వెళ్లండి. అక్కడి చట్టం కింద మొదటిసారి నేరానికే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లకూ ఇదే మాట, అక్కడ దగ్గర ఉంచుకోవడమే నేరం. ప్రయాణానికి చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లు తీసుకెళ్లండి.

నా డబ్బు సంగతి. అమ్మినవాళ్లు ఒప్పుకోకపోతే బ్యాంకుకు ఫోన్ చేసి, కార్డు మీద చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం) అడిగాను. బాక్సు, కోడ్ ఫలితం, తెర మీది 0.62, మాడిన కాయిళ్ల ఫొటోలు పంపాను. 5.50 వెనక్కి వచ్చింది. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్‌కు కూడా చెప్పాను, వాళ్ల ద్వారానే అమ్మకాల్లో మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు విషయం వెళ్తుంది. ఒంట్లో బాగాలేకపోయిన సంగతి మందుల భద్రత చూసే ఎంహెచ్ఆర్ఏ వాళ్ల యెల్లో కార్డ్ అనే ఫిర్యాదు ఫారంలో రాశాను.

మీరూ ఈమధ్య చవగ్గా వచ్చిందని కాయిళ్ల ప్యాకెట్ కొని ఉంటే, ఈ రాత్రే కోడ్ గీకి చూడండి. తేడాగా ఉంటే వాడకుండా ఫొటోలు తీసి, బాక్సు దాచి, అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా రాయండి. లోపమున్న సరుకు తిప్పి పంపి పూర్తి డబ్బు అడగడానికి 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం ఇచ్చే గడువు 30 రోజులే.