రాష్ట్రపతి భవన్‌కు అర్జీ: నల్లగొండ నుంచి పంపితే ఎక్కడిదాకా పోతుంది?

కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చిన కాగితానికి నెలలు గడిచినా జవాబు రాకపోతే నల్లగొండలోనైనా పాలమూరు (మహబూబ్‌నగర్)లోనైనా వినిపించే సలహా ఒకటే: ఇక ఢిల్లీకి రాయి, రాష్ట్రపతికే పెట్టు. ఇలా రాసేవాళ్ళలో ఎక్కువమంది ఆ అర్జీని రాష్ట్రపతి చదివి కలెక్టర్‌కు ఆర్డర్ వేస్తారని అనుకుంటారు. అలా జరగదు. కానీ అర్జీలు తీసుకునే ఈ సేవ పనికిరానిదీ కాదు. అర్జీని నమోదు చేసి, నంబర్ ఇచ్చి, సంబంధించిన శాఖకు పంపడంలో రాష్ట్రపతి సచివాలయం నమ్మదగ్గది. దాని పని అంతవరకే. ఆ హద్దు తెలిసి రాసినవాళ్ళకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

హద్దు ఎందుకుందో ముందు చూడాలి. రాజ్యాంగం 77వ అధికరణం ప్రకారం కేంద్రం తీసుకునే ప్రతి కార్యనిర్వాహక చర్యా రాష్ట్రపతి పేరు మీదే వెలువడాలి. గెజిట్ నోటిఫికేషన్ కింద రాష్ట్రపతి పేరిట, ఉత్తర్వు మేరకు అని ఉంటుంది కానీ సంతకం మాత్రం ఏ జాయింట్ సెక్రటరీదో, అండర్ సెక్రటరీదో అయి ఉంటుంది. ఏ పని ఏ మంత్రిత్వ శాఖది, ఏ ఫైలు ఎవరిదాకా వెళ్ళాలి అన్నది 1961 నాటి కార్యనిర్వహణ నియమాల్లో రాసి ఉంది. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడవాలి. అందుకే ఒక వ్యక్తి భూమి మీదనో, పింఛను మీదనో నిర్ణయం రాసే ఫైలు అక్కడ పుట్టదు. అర్జీలు చూసే పబ్లిక్ సెక్షన్ చేసేది మూడు పనులు: చదివి విషయం గుర్తించడం, నంబర్ వేయడం, సంబంధిత శాఖకు పంపడం. వెంట వెళ్ళే లేఖ రెండు మూడు వాక్యాలే. అర్జీ జతచేశాం, తగిన చర్య తీసుకోండి, తీసుకున్న చర్యను అర్జీదారుకు నేరుగా తెలపండి అన్నది దాని సారం. విచారించమనీ, ఫలానా వాళ్ళ మీద చర్య తీసుకోమనీ అందులో ఉండదు. ఆ లేఖ చేతిలో పట్టుకుని తహసీల్ ఆఫీసుకు వెళ్ళి ఇదిగో రాష్ట్రపతి ఆర్డర్ అంటే పని చెడుతుంది.

పంపే దారులు రెండు. ఒకటి ఆన్‌లైన్ హెల్ప్‌లైన్. 2009 జులైలో ప్రతిభా పాటిల్ హయాంలో మొదలైంది. పేరు, చిరునామా, మొబైల్ నంబర్, విషయం నింపి కాగితాలు జతచేస్తే రిజిస్ట్రేషన్ నంబర్ వస్తుంది. నంబర్ మొదట్లో పీఆర్‌ఎస్‌ఈసీ అని, తర్వాత ఆన్‌లైన్ అయితే ఈ, పోస్టు అయితే పీ అని, ఆ తర్వాత సంవత్సరం, వరుస సంఖ్య ఉంటాయి. కేంద్ర ఫిర్యాదుల వ్యవస్థ సీపీగ్రామ్స్‌లో ఈ నంబర్ కొట్టే స్థితి చూసుకోవాలి కాబట్టి మొబైల్ నంబర్ మీదే ఇవ్వండి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళు తొందరలో తమ నంబర్ ఎక్కించేస్తారు, ఆ తర్వాత మెసేజ్‌లన్నీ వాళ్ళకే పోతాయి. రెండోది పోస్టు: రాష్ట్రపతి సచివాలయం, రాష్ట్రపతి భవన్, న్యూఢిల్లీ 110004. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్‌లో స్పీడ్ పోస్టే అడగాలి, రసీదు దాచాలి. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం సందర్శకులు చూసే చోటు. అర్జీ పట్టుకుని అక్కడిదాకా పోవడం వృథా.

తెలుగులో రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా రాయొచ్చు. కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చే హక్కు 350వ అధికరణం ఇచ్చింది. అయితే పైన విషయం అన్నచోట రెండు వరుసలు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే మంచిది. అక్కడ విడదీసే మనిషి ఆ రెండు వరుసలు చూసే ఏ మంత్రిత్వ శాఖకు పంపాలో తేల్చుకుంటాడు. ఆ రెండు వరుసల్లో తేడా వస్తే అర్జీ తప్పు శాఖకు పోయి, అది మాది కాదంటూ తిరిగొస్తుంది.

అసలు తేడా విషయాన్ని బట్టి వస్తుంది. కేంద్రం చేతిలో ఉన్న పనికి ఈ దారి బాగా నడుస్తుంది. పాలమూరు నుంచి వేరే రాష్ట్రాల్లో కట్టడాల పనికి పోయినవాళ్ళ పీఎఫ్ బాకీ మంచి ఉదాహరణ. యూఏఎన్ (కార్మికుడి పీఎఫ్ గుర్తింపు) నంబర్, కంపెనీ కోడ్, పనిచేసిన నెలలు, క్లెయిమ్ పెట్టిన తేదీ రాస్తే అర్జీ కార్మిక శాఖ ద్వారా పీఎఫ్ ఆఫీసుకు చేరుతుంది. ఆ ఆఫీసు లెక్కలతో జవాబు ఇవ్వక తప్పదు. నంబర్లు లేకుండా రెండు పేజీల గోడు రాస్తే వివరాలు చాలవని క్లోజ్ చేస్తారు. 65వ నంబర్ జాతీయ రహదారికో, 44వ నంబర్‌కో పోయిన భూమి పరిహారమైతే చెక్కు ఆలస్యం గురించి రాయొచ్చు. రేటు చాలలేదన్న గొడవకు మాత్రం 1956 జాతీయ రహదారుల చట్టంలో ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దారి వేరే ఉంది. అది వదిలి ఢిల్లీకి రాస్తే కాలం పోవడమే.

పట్టాదారు పాసుపుస్తకం, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు), సర్వే హద్దులు రాష్ట్రం పనులు. ఇక్కడే జనం ఎక్కువ నిరాశపడతారు, అందులో తప్పేమీ లేదు. మునుగోడు నుంచో అచ్చంపేట నుంచో వెళ్ళిన అర్జీ రాష్ట్రపతి సచివాలయం నుంచి హైదరాబాద్‌లో చీఫ్ సెక్రటరీ ఆఫీసుకు, అక్కడినుంచి రెవెన్యూకు, కలెక్టరేట్ తపాల్ సెక్షన్‌కు, ఆర్డీఓకు, చివరికి రిమార్కుల కోసం తహసీల్దార్‌కు వస్తుంది. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళే జవాబు రాస్తారు, అదే మెట్టు మెట్టుగా పైకెక్కి డిస్పోజ్డ్ అని పడుతుంది. దీన్ని పూర్తిగా ఆపలేం కానీ కొంత అడ్డుకోవచ్చు. మొదటి పేరాలోనే ఈ ఫిర్యాదు ఫలానా మండల ఆఫీసు మీద కాబట్టి విచారణ ఆర్డీఓ స్థాయికి తగ్గకుండా చేయించాలని స్పష్టంగా కోరండి. ప్రజావాణి రసీదు నంబర్, తేదీ, సర్వే నంబర్, విస్తీర్ణం ఎకరాలు గుంటల్లో రాయండి. జతచేసిన కాగితాలకు ఒకటి, రెండు అని నంబర్లు వేసి లోపల అవే నంబర్లు చూపండి. నింద ఎంత తగ్గితే, తేదీలు ఎంత పెరిగితే జవాబు దాటవేయడం వాళ్ళకు అంత కష్టమవుతుంది. రాష్ట్రం పనికే అయితే హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల ప్రజావాణి దగ్గరి దారి.

ఈ సేవలో ఎంత రాసినా కదలనివి కొన్ని ఉన్నాయి. కోర్టులో ఉన్న కేసు అని తెలిసిందంటే ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఉద్యోగుల సర్వీసు గొడవలు శాఖలోని దారులన్నీ అయ్యాకే. లోకల్ కేడర్ల (రాష్ట్ర ఉద్యోగాలను జిల్లాలు, జోన్ల వారీగా విడదీసే పద్ధతి) మీద 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో నల్లగొండను యాదాద్రి జోన్‌లో, మహబూబ్‌నగర్‌ను జోగులాంబ జోన్‌లో పెట్టారు. పేరులో రాష్ట్రపతి ఉంది కదా అని బదిలీ కోసం అక్కడికి రాసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ ఉత్తర్వు మారాలంటే రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదన పంపాలి, కేంద్రం ఒప్పుకోవాలి. రాష్ట్రపతి పరిశీలనలో ఉన్న రాష్ట్ర బిల్లుల సంగతీ అంతే. అవి 201వ అధికరణం కింద కేంద్ర హోం శాఖ ద్వారా నడిచే ఫైళ్ళు, సంతకాల సేకరణతో తెమిలేవి కావు. మరణశిక్ష పడ్డవాళ్ళ క్షమాభిక్షకు క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 472వ సెక్షన్‌లో వేరే పద్ధతి, వేరే గడువులు ఉన్నాయి. ఆ దరఖాస్తు ముందు గవర్నర్‌కు పెట్టుకోవచ్చు.

ఒకే అర్జీని రాష్ట్రపతికి, ప్రధానికి, పది ఆఫీసులకు కాపీలు పంపే అలవాటు మానాలి. ఒక్కో కాపీకి ఒక్కో నంబర్ పడుతుంది, చివరికి ఇదివరకే జవాబిచ్చామంటూ అన్నీ కలిపి మూసేస్తారు.

2024 ఆగస్టు మార్గదర్శకాల ప్రకారం సీపీగ్రామ్స్ ఫిర్యాదులకు గడువు 21 రోజులు. గడువు దాటితే అదే నంబర్ మీద రిమైండర్ పెట్టండి, కొత్త అర్జీ వద్దు. క్లోజ్ అయ్యాక వచ్చే ఫీడ్‌బ్యాక్‌ను తేలిగ్గా తీసుకోకండి. బాగాలేదు అని గుర్తు పెడితేనే అప్పీలు దారి తెరుచుకుంటుంది. అప్పీలుకు 30 రోజులుంటాయి. మర్యాదకు బాగుంది అని నొక్కితే ఆ తలుపు మూసుకున్నట్టే.

అర్జీ ఎక్కడ ఆగిందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం వాడాలి. రాష్ట్రపతి సచివాలయానికి ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్‌లో కట్టొచ్చు లేదా అకౌంట్స్ ఆఫీసర్ పేరిట పోస్టల్ ఆర్డర్ పెట్టొచ్చు. ఎందుకు చేయలేదని అడగొద్దు. ఏ తేదీన, ఏ ఆఫీసుకు పంపారు, పంపిన లేఖ కాపీ, వచ్చిన జవాబు కాపీ అని మాత్రమే అడగండి. ఆ లేఖ నంబర్ చేతికొచ్చాక దాన్ని చూపిస్తూ కలెక్టరేట్‌కు ఇంకో ఆర్‌టీఐ వేయండి. అక్కడా ఫీజు 10 రూపాయలే, మండల ఆఫీసులో అయితే 5. తహసీల్దార్ రాసి పంపిన రిమార్కుల కాపీ తప్పకుండా కోరండి, మీ అప్పీలులో జవాబు చెప్పాల్సింది దానికే.