ఎనిమిది వారాల యూదు మతం క్లాసు, హన్మకొండలో కూర్చుని విన్నాను

జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్తాను. మన సిలబస్‌లో యూదులు హిట్లర్ దగ్గర మొదలై హిట్లర్ దగ్గరే అయిపోతారు. "సార్, మరి వాళ్లు ఇంట్లో ఏం పూజలు చేస్తరు?" అని ఓ పిల్ల అడిగితే నోట మాట రాలేదు. అందుకే ప్రోగ్రెసివ్ యూదు మతం, అంటే పాత ఆచారాలను ఈ కాలానికి తగ్గట్టు చూసుకునే శాఖ గురించి చెప్పే ఈ ఆన్‌లైన్ కోర్సులో చేరాను. ఫీజు మన లెక్కలో ఐదు వేల చిల్లర.

ప్రోగ్రెసివ్ అంటే నియమాలన్నీ సడలించుకోవడమే అనుకున్నా. కాదు, చదువు ఇంకా ఎక్కువ. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటిపడే దాకా వాళ్లకు విశ్రాంతి రోజు, అప్పుడు చేయకూడని పనులు పాత గ్రంథాల్లో 39 రకాలున్నాయి. మేడమ్ ముందు అవన్నీ చదివించి, ఏది ఎందుకు పెట్టారో మాతోనే చెప్పించి, అప్పుడు "మరి మీకు విశ్రాంతి అంటే ఏంటి?" అని అడిగారు. ఫోన్ బీరువాలో పెడతానన్నా. పెట్టా, గంటంబావుకే తీసేశా. "నీకు శనివారం ఒక్కటే గాదు గదరా, వారమంతా సెలవే" అంది మా అమ్మ.

ఆ రోజు తినే రొట్టె పేరు హల్లా, పిండిని పాయలు తీసి అల్లుతారు. స్క్రీన్ మీద చూసి మా ఆవిడ "అచ్చం జడే" అని తనూ అల్లింది. ఓవెన్ లేక కుక్కర్‌లో గాస్కెట్ తీసేసి పెడితే అడుగు మాడి పైన తెల్లగానే ఉంది, చాయ్‌లో ముంచుకుని తినేశాం.

క్యాలెండర్ క్లాసైతే సూపర్. వాళ్లవీ చంద్రుణ్ణి బట్టి వచ్చే నెలలే, మన అధికమాసం లాగే 19 ఏళ్లలో ఏడుసార్లు ఒక నెల కలుపుతారు. అందుకే వాళ్ల కొత్త సంవత్సరం చాలా ఏళ్లు ఎంగిలిపూల బతుకమ్మకు అటూ ఇటూగా వస్తుందట. ఆడవాళ్లు రబ్బీలు, అంటే యూదు మత గురువులు, అయిన కథ కూడా బాగా చెప్పారు. 1935లోనే జర్మనీలో రెజీనా యోనస్ రబ్బీ అయ్యారు, 1944లో ఆమెను నాజీలు ఆష్విట్జ్ శిబిరంలో చంపేశారు. అమెరికాలో శాలీ ప్రీసాండ్ రబ్బీ అయ్యేసరికి 1972 వచ్చింది.

నచ్చనిది ఒకటుంది. ఇండియాను ఐదు నిమిషాల్లో తేల్చేశారు. ముంబైలో ప్రోగ్రెసివ్ యూదుల సంఘం 1925 నుంచి ఉంది, దాని గురించి ఒక్క ముక్క. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే తెలుగు కుటుంబాలున్నాయని నేనే చాట్‌లో రాస్తే "ఇంట్రెస్టింగ్" అని దాటేశారు. పైగా లైవ్ క్లాసు మనకు రాత్రి పదకొండున్నరకు, రెండుసార్లు కరెంటు పోయి సగంలో ఆగింది, రికార్డింగ్ అడిగితే నాలుగు రోజులకు పంపారు.

హీబ్రూ నేర్చుకుందామనుకునేవాళ్లు చేరకండి, అక్షరాలు కూడా చెప్పరు. మిగతావాళ్లకు డబ్బులు దండగ కావు. రెండో భాగం పెడతారట, టైమ్ కాస్త ముందుకు జరిపితే నేనూ ఉంటా.