వైఫై పేరు దాచడమా, పాస్‌వర్డ్ గట్టిగా పెట్టడమా?

రూటర్‌లో వైఫై పేరు కనపడకుండా దాచేస్తే ఎవరూ చొరబడలేరని చాలామంది ధీమా. కానీ పేరు పూర్తిగా మాయమవదు, పైగా దాచిన నెట్‌వర్క్ కోసం మీ ఫోనే బయటికెళ్లినప్పుడు కూడా ఆ పేరు పెట్టి వెతుకుతూ బయటపెట్టేయొచ్చు.

నా ఓటు పాస్‌వర్డ్‌కే. డబ్ల్యూపీఏ2 (WPA2) అనే వైఫై భద్రతా పద్ధతిలో ఫోన్ కనెక్ట్ అయ్యే క్షణాన్ని దొంగ రికార్డు చేసుకుని, తర్వాత ఇంట్లో తీరిగ్గా కూర్చుని పాస్‌వర్డ్ ఇదేనా అని లక్షల మాటలు సరిచూసుకోవచ్చు, కాబట్టి ఫోన్ నంబరో, పిల్లల పేరు పక్కన 123నో పెడితే నిలవదు. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి 20 అక్షరాలు దాటించండి. 2018లో వచ్చిన దాని కొత్త రూపం డబ్ల్యూపీఏ3 మీ రూటర్‌లో ఉంటే అదే పెట్టండి, దొంగకి ఆ తీరిక దొరకదు.

పాస్‌వర్డ్ బదులు అంకెలు కొట్టి కనెక్ట్ అయ్యే డబ్ల్యూపీఎస్ (WPS) పిన్ మాత్రం రూటర్‌లో ఆపేయాల్సిందే: 8 అంకెలున్నా రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లోపే తేలిపోతుంది, అప్పుడు ఎంత పెద్ద పాస్‌వర్డయినా దండగే.